గాలి కాస్తా ఆలి అయింది

"గీ బాయి" అని రాసి ఉన్న చోట "ఈ బావి" అని టైపు చేశాడు సంగమేశ్వర్. గొడవ అక్కడ మొదలైంది.

"అన్నా, గిదేంది?"

తలెత్తి చూశాడు. పొద్దున కాగితాలు ఇచ్చి పోయిన పిల్లే. తన ఊరు కంగ్టి పోయే బస్సు ఎక్కేముందు వచ్చినట్టుంది, చున్నీ అంచుతో మొహం తుడుచుకుంటూ ప్రింటు తీసిన పేజీ మీద వేలు పెట్టి నిలబడింది.

"ఏంది మేడం?"

"నేను రాసింది గీ బాయి. మీరు కొట్టింది ఈ బావి."

"తప్పులుంటె నేనే సరిజేస్త మేడం. నాకు అలవాటు."

"తప్పని మీకెవరు చెప్పిన్రు?"

"పుస్తకాలల్ల అట్ల రాయరు గద."

"ఇది గూడ పుస్తకమే. దీంట్ల గిట్లనే రాస్తరు."

నారాయణఖేడ్ బస్టాండు ఎదురు గల్లీలో సంగమేశ్వర్‌ది చిన్న డీటీపీ షాపు. ఒక కంప్యూటరు, ఒక జిరాక్స్ మిషను, రెండు స్టూళ్లు. పెండ్లి పత్రికలు, దరఖాస్తులు, కోర్టు కాగితాలు ఏడేండ్లుగా కొడుతున్నాడు. తన చేతిలో అక్షరం తప్పు పోదని పేరు. అలాంటివాణ్ని పట్టుకుని ఒక పిల్ల మొదటి రోజే తప్పు చేశావంటోంది, అదీ తప్పు సరిచేసినందుకు.

"ఇంతకీ ఇదేం పుస్తకం మేడం?"

"పీహెచ్‌డీ. మా దిక్కు ఆడోళ్లు మాట్లాడే మాటల మీద."

"మా అవ్వ మాట్లాడే మాటలకు పీహెచ్‌డీ ఇస్తరా?"

"ఇస్తరు. మీ అవ్వకు ఇయ్యరు గని, రాసుకున్నందుకు నాకిస్తరు."

జిరాక్స్ కోసం నిలబడ్డ ముసలాయన కిసుక్కున నవ్వాడు. సంగమేశ్వర్ చెవులు ఎర్రబడ్డాయి. "ఈ బావి" చెరిపేసి "గీ బాయి" కొట్టాడు.

ఆ పిల్ల పేరు అరుణజ్యోతి. కంగ్టిలో కంది, పత్తి వేసుకునే దేవప్ప బిడ్డ. హైదరాబాదు యూనివర్సిటీలో ఐదేండ్ల కింద పీహెచ్‌డీకి చేరింది. గడువు ఒకసారి అయిపోయింది, బతిమాలి పొడిగించుకుంది. సెప్టెంబరు చివరి సోమవారం సాయంత్రం ఐదింటిలోపు పుస్తకం ఇవ్వాలి. మళ్లీ పొడిగింపు లేదు.

జూన్ నుంచి వారానికి మూడుసార్లు వచ్చేది. వచ్చినప్పుడల్లా గుమ్మంలోంచే "అన్నా, ఎంతదాక అయింది?" అని కేకేసేది. మొదట్లో ఆ "అన్నా" అతనికి ఏమీ అనిపించలేదు. జూలై వచ్చేసరికి చెవిలో చీమ దూరినట్టు ఉండసాగింది.

ఒకరోజు ధైర్యం చేశాడు.

"మేడం, మీరు నన్ను అన్నా అనుడు బంద్ జేస్తరా?"

"ఎందుకు?"

"పేరుంది గద."

ఆమె అతన్ని పైనుంచి కింది దాకా చూసింది. ఆ చూపుకు అతను కీబోర్డులోకి దూరిపోయినంత పని చేశాడు.

"సరే. మీరు మేడం అనుడు బంద్ జేస్తె, నేను అన్నా అనుడు బంద్ జేస్త."

"అయితె... జ్యోతి."

"చెప్పు, సంగమేశ్."

మీరు పోయి నువ్వు ఎప్పుడు వచ్చిందో అతను గమనించేలోపే ఆమె పక్క స్టూల్ మీద కూర్చుని తర్వాతి పేజీ చదువుతోంది.

చివరి అధ్యాయం చేతిరాత కాదు, మాటలే. కంగ్టి దగ్గర కలుపు తీసే రిబ్కమ్మ అనే ముసలామె చెప్పిన కథలను జ్యోతి ఫోన్లో రికార్డు చేసుకుంది. అవన్నీ విని టైపు చేయాలి. షాపులో చప్పుడు ఎక్కువ. అందుకని ఇయర్‌ఫోన్ ఒక వైపు ఆమె చెవిలో, ఇంకో వైపు అతని చెవిలో. వైరు పొట్టిది. ఆగస్టు నెలంతా ఇద్దరి మధ్య జానెడు దూరం, ఇద్దరి చెవుల్లోనూ ఒకే ముసలి గొంతు.

"గాలి లేచింది బిడ్డా. గా గాలికి మా గుడిసె కప్పు లేచి కంది చేన్ల వడ్డది. కప్పు ఎనుక మా అత్త ఉరికింది, మా అత్త ఎనుక నేను ఉరికిన."

ఇద్దరూ ఒకేసారి నవ్వేవాళ్లు. వైరు లాగి ఒకరి చెవిలోంచి ఊడిపోయేది. మళ్లీ పెట్టుకోవడానికి ఒకరు ముందుకు వంగాలి. ఆ వంగడం కోసం సంగమేశ్వర్ రోజంతా ఎదురు చూసేవాడు.

ఒక మధ్యాహ్నం బయట వాన కొడుతుంటే అతను అడిగాడు. "ఈమె ఒకపారి ఆ చెట్టంటది, ఒకపారి గా చెట్టంటది. ఏదో ఒకటి పెట్టరాదు?"

జ్యోతి మొహం వెలిగిపోయింది. "గదే గద నేను రాస్తున్నది! చూడు, కండ్ల ముంగట చెట్టుంటె ఆ చెట్టంటది. యాదిల ఉన్న చెట్టయితె గా చెట్టంటది. చచ్చిపోయిన మొగుని గురించి చెప్పేటప్పుడు ఒక్కపారి గూడ ఆ మనిషి అనలే, అన్నీ గా మనిషే. ఈ, గీ గూడ అంతే. అంటె నాకట్ల అనిపిస్తుంది. మొత్తం లెక్కబెట్టి చూస్తె గని నిజమో కాదో చెప్పలేను."

"ఇంత చిన్న మాటకు ఐదేండ్లా?"

"చిన్న మాట గాదు. ఇన్నేండ్ల సంది మా ఆడోళ్లు మాట్లాడుతుంటె, సరిగ మాట్లాడరాదని నవ్విన్రు. వాళ్ల మాటల గూడ ఒక లెక్కుందని ఎవరన్న చెప్పాలె గద."

వాన జల్లు కౌంటరు మీద పడుతోంది. కాగితాలు తడుస్తాయని కూడా అతనికి తోచలేదు. ఆమె మొహమే చూస్తున్నాడు. ఇక తన పని అయిపోయిందని ఆ రోజే అతనికి తెలిసింది.

టైపింగు పూర్తయిన రోజు కూడా వానే. బస్సు కదులుతుందని పరుగెత్తిన జ్యోతి చేతిలోంచి ఫోన్ జారి బస్టాండు ముందు నీళ్లలో పడింది. రెండు షాపుల్లో చూపించినా అది మళ్లీ వెలగలేదు.

"అందులున్న రికార్డింగులు?" అని సంగమేశ్వర్ కంగారు పడ్డాడు.

"పోతె పోనీ. విన్నయన్నీ నీ కంప్యూటర్ల ఉన్నయి గద" అంది ఆమె, ఏ బరువూ లేకుండా.

*

గడువు ఇంకా నాలుగు రోజులుంది. గురువారం జ్యోతి తన తండ్రి ఫోన్ నుంచి మాట్లాడింది.

"సంగమేశ్, జూలైల పంపినయి మా గైడ్ సారు ఇప్పుడు చూసిండు. మొదటి అధ్యాయం నా సొంత మాట గద, దాంట్ల గూడ అలవాట్ల గీ, గా అని రాసిన్నంట. అవి ఈ, ఆ చెయ్యి. మొదటి అధ్యాయమే. రేపు ప్రింటుకు వస్త."

"రెండు నిమిషాల పని" అన్నాడు.

నిజంగానే రెండు నిమిషాల పని. మొదటి అధ్యాయం వరకు సెలెక్ట్ చేశాడు. వెతకాల్సింది "గా", దాని చోట పెట్టాల్సింది "ఆ". మాటలు వెతికి మార్చే ఆ కంప్యూటరు కిటికీలో చిన్న గడి ఒకటుంటుంది. అందులో టిక్కు పెడితే "గా" అని విడిగా ఉన్న పూర్తి మాటనే పట్టుకుంటుంది. పెట్టకపోతే గాలిలో, గాజుల్లో, గాడిదలో ఎక్కడ "గా" కనిపించినా పట్టేస్తుంది. అతను రోజూ పెట్టే టిక్కే అది. ఆ రోజు షాపు నిండా జనం. పరీక్ష ఫీజు ఫారాలు, ఆధార్ జిరాక్సులు. కరెంటు పోయి ఇన్వర్టరు కుయ్ కుయ్ మంటోంది. "అన్నా జల్దీ, బస్సు పోతది" అని ఒకడు భుజం మీద కొడుతున్నాడు.

టిక్కు పెట్టలేదు. అన్నీ మార్చమని నొక్కాడు. సెలెక్ట్ చేసిన భాగంలో అయిపోయింది, మిగతా డాక్యుమెంటులో కూడా వెతకమంటారా అని కంప్యూటరు ఇంగ్లీషులో అడిగింది. చదవకుండానే అవునన్నాడు. "గీ"కి కూడా అలాగే. సేవ్ చేశాడు. ఆమెకు మెయిల్ పంపాడు. పెన్ డ్రైవులో పాత ఫైలు మీదే కొత్తది పెట్టాడు. అన్నీ మూసేసి జిరాక్స్ తీయడానికి లేచాడు.

శుక్రవారం పొద్దున జ్యోతి వచ్చింది. జుట్టుకు కొత్త క్లిప్పు పెట్టుకుంది. ప్రింటరులోంచి పేజీలు వెచ్చగా ఒక్కొక్కటే వస్తున్నాయి. మధ్యలోంచి ఒకటి తీసి చదవడం మొదలుపెట్టింది.

"ఆలి లేచింది బిడ్డా. ఆ ఆలికి మా గుడిసె కప్పు లేచి..."

ఆగింది. మళ్లీ చదివింది. ఫక్కున నవ్వింది. "సంగమేశ్, గాలిని పెండ్లాం జేసినవ్! ఆలి లేస్తె గుడిసె కప్పు లేచిందట!"

అతనూ నవ్వాడు. వచ్చి పక్కన నిలబడి ఇంకో పేజీ చూశాడు. చేతికి ఆజులు తొడుక్కుందట. ఆడిద మీద జొన్నల మూట వేసుకుని పోయిందట. అరిచేతిల ఈతలు చూపించుకుందట.

ముందు అతని నవ్వు ఆగిపోయింది. ఆమె ఇంకా నవ్వుతూనే తర్వాతి పేజీ తిప్పింది. తర్వాతిది. ఆ తర్వాతిది. కొంచెంసేపటికి ఆమె చదవడం మానేసి వెతకడం మొదలుపెట్టిందని అతనికి అర్థమైంది. వేలు ఒక్కో వరుస మీదా జారుతోంది.

"సంగమేశ్. గా ఏది?"

అతను ఆ పేజీ అందుకుని పైనుంచి కిందికి చూశాడు.

"ఒక్కటి గూడ లేదు. గా మనిషి లేదు. గా చెట్టు లేదు. అన్నీ ఆ అయినయి." కంప్యూటరు వైపు తిరిగింది. "వెనకకు తియ్యి. వెనకకు తీసేటిది ఉంటది గద?"

"మూసేసిన జ్యోతి. మూసినంక రాదు."

"పెన్ డ్రైవు?"

"దాని మీద గూడ కొత్తదే పెట్టిన."

"మెయిలు?"

పాత మెయిలు ఒకటి ఉంది, జూలైలో పంపింది. అందులో మొదటి రెండు వందల పేజీలు ఉన్నాయి. రిబ్కమ్మ లేదు.

జ్యోతి స్టూల్ మీద కూర్చుంది. ప్రింటరు మాత్రం ఆగకుండా పేజీలు బయటికి తోస్తూనే ఉంది. అతను వెళ్లి స్విచ్చి తీసేశాడు.

అద్దం తలుపు మీద బంద్ అని కాగితం అంటించి ఇద్దరూ కంప్యూటరు ముందు కూర్చున్నారు. ఈసారి ఆ గడిలో టిక్కు పెట్టాడు. "ఆలి" అనే పూర్తి మాట నలభై ఏడు చోట్ల దొరికింది.

"రిబ్కమ్మ పెండ్లాం అంటది గని ఆలి అనదు. అన్నీ గాలే" అంది జ్యోతి. మార్చాడు. "ఆలికి", "ఆలితోటి" విడివిడిగా వెతకాల్సి వచ్చింది. ఆజులు గాజులయ్యాయి. ఆడిద గాడిదయింది. "ఈత" దగ్గర మాత్రం ఒక్కోటీ చదవాల్సి వచ్చింది. కొన్ని ఈతచెట్లు, కొన్ని చేతి గీతలు. మధ్యాహ్నానికి విరిగిన మాటలన్నీ అతుక్కున్నాయి. సంగమేశ్వర్‌కు ప్రాణం లేచొచ్చింది.

"ఇగ మిగిలిందేంది?"

"ఆ" అంది ఆమె.

విడిగా ఉన్న "ఆ" కోసం వెతికాడు. వెయ్యిన్నీ మూడు వందల పదహారు. "ఈ" లెక్క ఇంకా చూడనే లేదు. కంప్యూటరు వాటన్నింటికీ పసుపు రంగు పూసి చూపించింది. పేజీ తిప్పితే పసుపు, ఇంకో పేజీ తిప్పితే పసుపు. ఇందులో ఏది రిబ్కమ్మ నోటి నుంచి "ఆ" అనే వచ్చింది, ఏది "గా" అని వచ్చి నిన్న మారిపోయింది? కంప్యూటరు ప్రతి ఒక్కదాన్నీ కచ్చితంగా పట్టిచ్చింది. అంతకు మించి దానికేమీ తెలియదు.

"అందాజగ పెట్టుదాం" అన్నాడు. "నువ్వే చెప్పినవ్ గద, యాదిల ఉన్నదంత గా అని. గా లెక్కన మార్చుకుంట పోదాం. సోమారం లోపల అయితది. యూనివర్సిటిల ఎవరు అడుగుతరు?"

ఆమె అతని వైపు తిరిగింది. ఏడవలేదు. అందుకే అతనికి భయం వేసింది.

"నేను అనుకున్నది నిజమా కాదా అని చూసేటందుకే గద గా పేజీలు. నేను అనుకున్నట్టు పేజీలు నింపి, మల్ల గా పేజీలే చూపెట్టి నేను అనుకున్నది నిజమంటనా? అట్లయితె రిబ్కమ్మ దేనికి? ఇంట్ల కూసొని రాసుకుంటుంటి."

అతను ఫైలు మూసేశాడు.

కథలు మళ్లీ చెప్పించుకుందామని శనివారం పొద్దున్నే బైకు మీద బయల్దేరారు. రిబ్కమ్మ కంగ్టిలో లేదు, కల్హేర్ దగ్గర బిడ్డ ఇంటికి పోయిందని తెలిసింది. దారంతా సన్నటి వాన. జ్యోతి వెనుక కూర్చుంది. మామూలుగా అయితే ఈ ప్రయాణం కోసం సంగమేశ్వర్ ఏమైనా ఇచ్చేవాడు. కానీ ఆమె చెయ్యి అతని భుజం మీద కాదు, వెనుక కడ్డీ మీద ఉంది.

రిబ్కమ్మ వాకిట్లో పెసరకాయలు ఒలుస్తోంది. సంగతి విని నోరు తెరిచింది.

"చెప్పినదే మల్ల చెప్పుమంటె గట్లనే ఎట్లొస్తదే బిడ్డా? గప్పుడు గప్పటి తీరుగ చెప్పిన. ఇప్పుడు చెప్తె ఇంకో తీరుగ వస్తది."

గాలి కథ చెప్పించారు. ఈసారి అత్త ఉరకలేదు, మామ ఉరికాడు. కప్పు కంది చేనులో పడలేదు, బావిలో పడింది. ఇదీ బాగుంది. కానీ ఇది ఆ కథ కాదు. ఇరవై గంటల కథలు మళ్లీ చెప్పించి, రాయించి, లెక్కబెట్టడానికి ఉన్నవి రెండే రోజులు.

జ్యోతి ముసలామె చేతులు పట్టుకుని "వస్త అవ్వా" అంది.

బస్టాండు దగ్గర దిగాక అతను అన్నాడు, "జ్యోతి, నేను..."

"నువ్వు కావాలని చెయ్యలే. నాకు తెలుసు." తడిసిన చున్నీ పిండుకుంటూ నేల వైపు చూస్తూ మాట్లాడింది. "గని నిన్ను చూస్తె నాకు గా పసుపు రంగే కనబడుతుంది. ఫోన్ చెయ్యకు సంగమేశ్. రాకు."

కంగ్టి బస్సు ఎక్కింది. కిటికీ వైపు కూర్చున్నా ఇటు చూడలేదు.

*

సోమవారం సాయంత్రం ఐదైంది. గోడ మీద గడియారం వైపు చూడకూడదని సంగమేశ్వర్ నాలుగున్నర నుంచీ తల వంచుకుని ఒక పెండ్లి పత్రిక కొడుతున్నాడు. చివరికి చూశాడు. ఐదూ పది. అయిపోయింది. ఐదేండ్ల చదువు ఒక చిన్న గడిలో పెట్టని టిక్కు కింద పోయింది.

తర్వాతి వారాల్లో షాపు నడిచింది, అతను నడవలేదు. కంగ్టి వాళ్లు జిరాక్సుకు వస్తే చెవులు రిక్కించేవాడు. వాళ్ల మాటల్లోనే తెలిసింది, దేవప్ప బిడ్డ పేరు యూనివర్సిటీలో కొట్టేశారని, ఊళ్లో ప్రైవేటు బడిలో మూడో తరగతికి చెబుతోందని. తెలిసిన రోజు అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. ఫోన్ చేయలేదు. చేయొద్దని ఆమె చెప్పిన ఒక్క మాటైనా నిలబెట్టుకుందామని.

అక్టోబరులో ఒక ఆదివారం ఎందుకో బైకు తీశాడు. ఎటు పోతున్నాడో కల్హేర్ వచ్చేదాకా తనకే సరిగ్గా తెలియదు.

"నువ్వెందుకొచ్చినవ్?" అంది రిబ్కమ్మ.

"కథలు చెప్తె రాసుకుంట అవ్వా. మొదటి సంది."

"నా మాటలు పాడుజేసినోనివి నువ్వే గద?"

"నేనే."

ముసలామె కొంగు బిగించి లేచింది. "నాతోని చేనుకు రా. పత్తి ఏరుకుంట విను. ఊకె కూసున్నోళ్లకు నేను కథలు చెప్ప."

అలా పదిహేడు ఆదివారాలు. నడుము వంచి పత్తి ఏరాడు, తర్వాత కంది కోశాడు. చొక్కా జేబులో ఫోన్ రికార్డు చేస్తూ ఉండేది. వారమంతా షాపు తెరవకముందు రెండు గంటలు కూర్చుని టైపు చేసేవాడు. ఒక్కో వాక్యం మూడుసార్లు విని, "ఆ" దగ్గర ఆగి, "గా" దగ్గర ఆగి, తన చెవిని తనే నమ్మక మళ్లీ వెనక్కి తిప్పి. నాలుగు చోట్ల దాచేవాడు. దగ్గును దగ్గని, మేకను అదిలిస్తే అదిలించిందని రాశాడు. తన ప్రశ్నలు కూడా రాశాడు. అన్నీ మార్చే ఆ కిటికీని మాత్రం ఒక్కసారి కూడా తెరవలేదు.

మార్చి మొదట్లో రెండు వందల ముప్పై పేజీల కట్ట పట్టుకుని కంగ్టి పోయాడు.

వాకిట్లో మంచం మీద కూర్చున్న దేవప్ప అడిగాడు. "ఎవరివి?"

"సంగమేశ్వర్. ఖేడ్‌ల డీటీపీ షాపు."

"మా బిడ్డ పుస్తకం పాడుజేసినోనివా?"

"అవును కాకా."

దేవప్ప కోపం తెచ్చుకోవడానికి చూశాడు. ఎదురుగా నిలబడ్డవాడి మొహం చూస్తే అది వచ్చినట్టు లేదు. "కూసో. ఎండల వచ్చినవ్" అన్నాడు.

జ్యోతి బడి నుంచి వచ్చింది. చిక్కిపోయింది. వేళ్లకు సుద్ద. అతన్ని చూసి గుమ్మం దగ్గరే ఆగింది.

"రావద్దన్న గద."

"ఇది ఇచ్చి పోత." కట్ట మంచం మీద పెట్టాడు. "రిబ్కమ్మ. మొదటి సంది మల్ల. పాతయి గావు, కొత్తగ చెప్పినయి. విన్నది విన్నట్టు కొట్టిన. రికార్డింగులు గూడ ఉన్నయి, నేను తప్పు విన్ననేమో చూసుకోవచ్చు."

ఆమె కట్టను ముట్టుకోలేదు. "ఇప్పుడు దేనికి? నా పేరే తీసేసిన్రు. మల్ల పరీక్ష రాసి, మల్ల సీటొచ్చి, మల్ల మొదటి సంది... నాతోని గాదు."

"తెలుసు."

"తెలిసి ఎందుకు చేసినవ్?"

"చెయ్యకుంట ఉండలేకపోయిన."

అతను లేచాడు. బైకు మీద తిరిగి వస్తుంటే ఎండలో కందిమోళ్ల చేలు ఖాళీగా కనిపించాయి. ఆదివారాలు కూడా అయిపోయాయి. ఇక చేయడానికి ఏమీ మిగల్లేదు.

*

తొమ్మిదో రోజు మధ్యాహ్నం. షాపులో ఎవరూ లేరు. గుమ్మంలో నీడ పడితే తలెత్తాడు.

జ్యోతి. చంకలో కాగితాల కట్ట. అంచుల నిండా పెన్సిలు గుర్తులు.

"నూట తొంభై ఎనిమిదో పేజీ" అంది, పలకరింపు కూడా లేకుండా. "చదువుతున్న, విను."

చదివింది. గొంతు బడిలో పాఠం చెప్పినట్టే ఉంది.

"రిబ్కమ్మ: గా పిల్ల కోసమేనా గిట్ల ఎండల వడి తిరుగుతున్నవ్? సంగమేశ్వర్: పత్తి ఏరుతున్న గద అవ్వా. రిబ్కమ్మ: నోరిప్పి చెప్పు. సంగమేశ్వర్: ఆమె కోసమే. రిబ్కమ్మ: ఇష్టమని చెప్పినవా? సంగమేశ్వర్: లే. ఆమె జిందగీ పాడుజేసి, ఇప్పుడు ఇష్టమని ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె? రిబ్కమ్మ దగ్గింది. సంగమేశ్వర్: ఆమె నవ్వితె షాపంత వెలుగొస్తుండె అవ్వా. గా నవ్వును నేనే బంద్ జేసిన."

పేజీ దించింది.

సంగమేశ్వర్ తల దించుకున్నాడు. "కొట్టేటప్పుడు తీసేద్దామనుకున్న. చెయ్యి రాలే. ఒక్కటి తీసేస్తె మిగతాదంత అబద్ధం అయితదనిపించింది. నిన్ను పరేషాన్ చెయ్యాలని గాదు."

ఆమె కాగితం అంచు మడిచింది, విప్పింది.

"లెక్కబెట్టిన" అంది చివరికి. "ఎనిమిది రోజులు. నేను అనుకున్నది మొత్తం నిజం గాదు. కండ్ల ముంగట ఉన్నదాన్ని గూడ రిబ్కమ్మ ఒక్కోపారి గా అంటది. దూరమైపోతదని భయమున్నదాన్ని గూడ అట్లంటది. పాత పుస్తకంల నేను తప్పు రాసిన. గది ఇస్తె తప్పే ఇస్తుంటి."

"అంటె మంచిదే అయిందంటవా?" ఆశగా అడిగాడు.

"మంచిదెట్లయితది?" అని కసిరింది. "ఐదేండ్లు పోయినయి. మూడో తరగతి పోరగాళ్లకు ఎక్కాలు చెప్తున్న. మల్ల పరీక్ష రాయమని మా నాయిన అంటుండు, నాకు పరీక్ష పుస్తకం తెరువబుద్ది అయితలేదు. మంచిదనకు, సంగమేశ్."

"అన."

"నీ మీద కోపం గూడ పోలే."

"సరే."

"ఎప్పుడు పోతదో తెల్వది."

"సరే జ్యోతి."

"ప్రతిదానికి సరే అనకు!" కండ్లు తుడుచుకుంది. సుద్ద మరక ఒకటి చెంప మీద పడింది. "ఇష్టం గూడ పోలే. రెండు పోతయేమోనని ఆర్నెల్లు చూసిన. రెండు గట్లనే ఉన్నయి. నేనేం జెయ్యాలె చెప్పు?"

సంగమేశ్వర్ లేచి నిలబడ్డాడు. ఏదో అనబోయాడు. ఏడేండ్లుగా ఊరందరి మాటలూ టైపు చేసినవాడికి తన మాట ఒక్కటి దొరకలేదు. ఏడ్చేశాడు. కౌంటరు పట్టుకుని, చిన్నపిల్లవాడిలా.

జ్యోతి కట్టను మిషను మీద పెట్టి దగ్గరికి వచ్చింది. అతని మోచేతి దగ్గర చొక్కా పట్టుకుంది. వదల్లేదు.

"మా నాయిన నీ గురించి అడిగిండు" అంది. "తప్పు జేసినోడు ఇంటికొచ్చి నేనే జేసిన అన్నడు, గసొంటోన్ని ఈ మధ్య చూడలే అన్నడు. ఉగాది ఎల్లినంక మీ అమ్మా నాయినను తోల్కొని రమ్మన్నడు."

"నువ్వేమన్నవ్?"

"నేను ముందుగాల్ల ఖేడ్ పోయొస్త అన్న."

బయట కంగ్టి బస్సు వచ్చి ఆగింది. కండక్టరు రెండుసార్లు కేకేశాడు. జ్యోతి అటు చూసింది, కానీ కదల్లేదు. బస్సు వెళ్లిపోయింది. తర్వాతిది గంటకు గానీ లేదు.